'మేము' అంటే ఎవరు?

పోయినవారం మీరందరూ ధాత్రిని మా డైనింగ్ టేబుల్ దగ్గర, తెరిచిన లాప్‌టాప్ ఎదురుగా కూర్చోబెట్టి మీ పనుల మీద మీరు వెళ్ళిపోయారు. ఆ పిల్ల పాపం ఇంకా అక్కడే ఉంది. సరిగ్గా మీటింగ్ మొదలయ్యే చోట కథ ఆపేశానని నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉన్నారని విన్నాను. తిట్టుకోండి, నాకేం! స్కూల్ బస్సు నడిపేదాన్ని. వెనక సీట్లోంచి వచ్చే మాటలు రోజూ పడుతూనే ఉంటాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు చంద్రకళ, ఉండేది అంటారియోలో, బ్రాంప్టన్. మా ఆయన లింగయ్య ట్రక్కు నడుపుతాడు, నెలలో సగం రోజులు వినిపెగ్ దారిలోనే ఉంటాడు. మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని సర్దుకునేవాళ్ళు. మా బేస్‌మెంట్లోనూ కాలేజీ పిల్లలే ఉండేవాళ్ళు. పై గదిలో ధాత్రి. నర్సరావుపేట పిల్ల. తను కూడా ఒకప్పుడు స్టూడెంట్‌గానే సస్కాచెవాన్‌లో రెజైనాకి వచ్చి, చదివి, ఉద్యోగం చేసి, అక్కడే అకౌంటెంట్ లైసెన్స్ తెచ్చుకుంది.

అయితే ఈ దేశంలో నా బస్సు లైసెన్స్ లాగే లెక్కల లైసెన్స్ కూడా ప్రావిన్స్‌కొకటి. ఇక్కడ ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే అంటారియో వాళ్ళని మళ్ళీ అడగాల్సిందే. అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఇక్కడ మామూలుగా ఇచ్చేస్తారు. ధాత్రికీ ఇచ్చేసేవాళ్ళే, మహీధర్ అడ్డం పడకపోతే.

మహీధర్ రెజైనాలో ధాత్రి పనిచేసిన ఆఫీసుకి యజమాని. మన తెలుగువాడే, అదే నా కడుపుమంట. 'ఈ అమ్మాయి ఎన్నడూ సొంతంగా ఆడిట్ నడిపింది లేదు, టీంలో ఒకతి, అంతే' అని ఇక్కడి లైసెన్స్ వాళ్ళకి అబ్జెక్షన్ పెట్టాడు. అంత దూరంలో ఉన్నవాడికి ఈ పిల్ల మీద ఎందుకంత శ్రద్ధ అంటారా? మా వీధి చివరి ప్లాజాలో రామమోహనరావు గారి అకౌంటింగ్ ఆఫీసుంది. స్టూడెంట్లు, ట్రక్కువాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు, అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు. పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయింది, ఈ నెలతో మానేస్తున్నారు. 'లైసెన్స్ తెచ్చుకో అమ్మా, ఆఫీసు నీ చేతిలో పెడతాను. నెలాఖరు లోపల రాకపోతే మాత్రం మహీధర్ అడుగుతున్నాడు, ఇచ్చేయక తప్పదు' అన్నారు ధాత్రితో. ఆ నెలాఖరు మర్నాడే.

అదీ సంగతి. ఇక పదండి లోపలికి.

పొద్దుటి ట్రిప్పు అయ్యాక బస్సు యార్డులో పెట్టి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ముందు బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి కేకేశాను.

"అరే వికాస్! అందరి ఫోన్లల్ల వైఫై బంద్ చెయ్యుండ్రి. ఒక్క వీడియో ఆడినా ఇయ్యాల ఎవ్వరికీ అన్నం లేదు!"

వికాస్ కరీంనగర్ పిల్లగాడు, వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసి అప్పుడే వచ్చాడు. కళ్ళు మూతలు పడుతున్నా పైకి తొంగిచూశాడు.

"రూటర్ ప్లగ్గే తీసేద్దామా ఆంటీ?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రూటర్ తీస్తే అక్క మీటింగ్ ఎట్ల నడుస్తదిరా?"

ధాత్రి నవ్వలేదు. ముదురు నీలం కోటు వేసుకుంది, కింద మాత్రం ఇంట్లో వేసుకునే పైజామానే. ఎదురుగా తన రిపోర్టు కాపీ పెట్టుకుంది. లైసెన్స్ కోసం చదివే రోజుల్లో తను ఏమేం పనులు చేసిందో రాసుకున్న రిపోర్టు అది.

"ఆంటీ, మీరు లోపల గదిలో కూర్చోండి. మీరు ఉంటే నాకు టెన్షన్."

"కూసుంట గానీ, నువ్వు గట్టిగ మాట్లాడు. మనది తప్పేం లేదు."

నేను లోపలి గదికి వెళ్ళలేదు. ఫ్రిజ్ పక్కన చీపురు పెట్టుకునే సందులో నిలబడ్డాను. దాక్కున్నానని అనకండి. నా ఇంట్లో నేను దాక్కోవడమేమిటి? నిలబడ్డాను, అంతే. అక్కణ్ణుంచి లాప్‌టాప్ తెర ఓరగా కనిపిస్తుంది.

తెర మీద ఇద్దరు తేలారు. ఒకావిడ మిసెస్ ఫ్లెమింగ్. అబ్జెక్షన్ మీద నిర్ణయం చెప్పేది ఆవిడే. తెల్ల జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, నవ్వు అన్నది ఎప్పుడో మరిచిపోయినట్టున్న మూతి. రెండో మనిషి మహీధర్. అక్కడ ఇంకా పెందరాళే కాబట్టి ఇంట్లోంచే కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, వెనక గోడకి ఆయన ఫొటోలే. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో పిల్లల్ని మోస్తున్నదాన్ని, నాకు అర్థం కానిదేం లేదు. మీకు మన భాషలో చెప్తాను, కొన్ని మాటలు తప్ప. ఆ కొన్ని మాటల మీదే ఈ కథంతా ఉంది మరి.

మిసెస్ ఫ్లెమింగ్ సూటిగా విషయంలోకి వచ్చింది.

"మిస్ ధాత్రి, మీ రిపోర్టు మొత్తం చదివాను. ఎక్కడా 'ఐ' అన్న మాటే లేదు. అంతా 'వుయ్'. వుయ్ ప్లాన్డ్, వుయ్ మెజర్డ్, వుయ్ ఫౌండ్. అది మీరు గమనించారా?"

ధాత్రి రిపోర్టు వైపు చూసింది. గమనించలేదని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే నేనూ గమనించలేదు. ముందురోజు సాయంత్రం నాకు మొత్తం చదివి వినిపించింది. 'మస్తు రాసినవ్ బిడ్డా' అన్నాను కూడా.

మహీధర్ మాటందుకున్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్పలేను, ఒళ్ళు మండిపోయింది.

"మేడం, అదే నేను మొదటినుంచీ చెప్తున్నాను. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టింది నేనే. అందులో అబద్ధం ఏమీ లేదు. 'మేము చేశాం' అని రాసింది, నిజమే, మేము చేశాం. నేనూ, నా టీమూ. ఆ టీంలో ఈ అమ్మాయి కూడా ఉంది. మంచి పిల్లే, కష్టపడుతుంది. కానీ సొంతంగా ఆడిట్ నడిపిన మనిషి 'ఐ' అని రాస్తుంది కదా? తనే రాయలేదు, నేనేం చేయను?"

అమ్మ దొంగా! అప్పుడు అర్థమైంది నాకు వాడి ఎత్తు. అబద్ధం ఆడకుండానే పిల్ల గొంతు కోస్తున్నాడు. తను రాసిన మాటతోనే తనని కొడుతున్నాడు.

"సరే, ఒక ఉదాహరణ తీసుకుందాం," అంది ఆవిడ. "పప్పు ధాన్యాల కంపెనీ ఆడిట్. గాదెలో సరుకు లెక్క. ఏం జరిగిందో చెప్పండి."

మనం ఇండియన్ స్టోర్లో కొనుక్కునే మసూర్ పప్పు చాలావరకు ఆ సస్కాచెవాన్ పొలాల్లోదేనట. మేడంత ఎత్తు స్టీలు గాదెల్లో పోసి ఉంచుతారట. ఆడిట్ అంటే ఆ గాదె ఎక్కి, లోపల సరుకు నిజంగా ఉందో లేదో కొలవాలి. ఈ కథ ధాత్రి నాకు ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పినప్పుడల్లా నా అరచేతులు చల్లబడేవి.

"జనవరిలో వెళ్ళాం మేడం," మొదలుపెట్టింది ధాత్రి. "వుయ్ క్లైంబ్డ్ ద బిన్..."

"వుయ్ అంటే ఎవరు?"

ధాత్రి ఆగిపోయింది.

"అంటే... మేడం, మేము..."

"ఆ 'మేము'లో ఎంతమంది ఉన్నారు?"

ధాత్రి రిపోర్టు పేజీలు తిప్పసాగింది. మహీధర్ కుర్చీలో వెనక్కి వాలాడు. చెప్పు పిల్లా, నేనే ఎక్కాను అని చెప్పు! నాలో నేనే పళ్ళు నూరుకుంటున్నాను. ఆ రెండక్షరాలు నోట్లోంచి రావడానికి అంత కష్టమేమిటి?

కష్టమే. మీ ఇంట్లో లేదా, మా ఇంట్లో లేదా? ధాత్రి వాళ్ళ నాన్న సీతారామారావు గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. స్కూల్లో ఫస్టొచ్చి 'నాన్నా, నేను ఫస్టొచ్చాను' అని అరుస్తూ వస్తే, 'ఏంటా నేను నేను అని డప్పు? మాకు ఫస్టొచ్చింది అనలేవూ?' అన్నాడట. ఆ పిల్ల అప్పటినుంచీ ఒంటరిగా చేసిన పని కూడా అందరి నెత్తినా పెట్టడం నేర్చుకుంది. ఇక్కడికొచ్చాక భాష మారింది గానీ ఆ అలవాటు మారలేదు.

"మేడం, మా ఇళ్ళల్లో 'నేను' అంటే గర్వం అనుకుంటారు," అంది చివరికి, నేల చూపులు చూస్తూ. "అందుకని అలా రాశాను. మా భాషలో..."

"మీ భాష మీద నాకు గౌరవం ఉంది. కానీ నా ముందున్నది ఇంగ్లీషు రిపోర్టు. అందులో రాసి ఉన్నదాన్ని బట్టే నేను పోవాలి."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కోపమున్న మనిషితో దెబ్బలాడొచ్చు, రూలు మాట్లాడే మనిషితో ఏం చేస్తాం? కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది. తీర్పు చెప్పబోతోందని అర్థమైంది. ధాత్రి చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. అయిపోయింది, ఆఫీసు పోయింది, ఈ పిల్ల ఇన్నేళ్ళ కష్టం నేను ఫ్రిజ్ పక్కన నిలబడి చూస్తుండగానే మట్టికొట్టుకుపోయింది అనుకున్నాను.

ఆ క్షణంలో మహీధర్ నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ సీరియల్ ఇక్కడితో అయిపోయేది. కానీ గెలిచాననుకున్న మగాడు నోరు మూసుకుని కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు.

ముందుకి వంగాడు. గొంతులోకి తేనె తెచ్చుకున్నాడు. ఉన్నట్టుండి తెలుగులోకి దిగాడు.

"ధాత్రీ, ఎందుకమ్మా నీకీ పట్టుదల? మా ఆవిడ నిన్ను సొంత చెల్లెల్లా చూసుకుంది. ఆవిడ మొహం చూసైనా ఆ అప్లికేషన్ వెనక్కి తీసుకో. మాతో పెట్టుకుంటే నీకే నష్టం."

మిసెస్ ఫ్లెమింగ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఒక్క నిమిషం. ఈ మీటింగ్‌లో ఎవరేం మాట్లాడినా అందరికీ అర్థం కావాలి. ఏమన్నారు మీరు?"

"ఏం లేదు మేడం. ఆశీర్వదించాను," అన్నాడు మహీధర్, తడుముకోకుండా.

"మిస్ ధాత్రి, మీరు చెప్పండి. మాట మాటకీ అర్థం చెప్పండి. మీరేమీ సర్దొద్దు."

ధాత్రి మాస్టారి కూతురు. మాట మాటకీ అంటే మాట మాటకే. కళ్ళు తుడుచుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"'ధాత్రీ, వై దిస్ స్టబర్న్‌నెస్? అవర్ వైఫ్ లుక్డ్ ఆఫ్టర్ యూ లైక్ హర్ ఓన్ యంగర్ సిస్టర్...'"

"ఆగండి. అవర్ వైఫ్?" ఆవిడ కనుబొమలు రెండూ పైకి లేచాయి. "ఎవరి వైఫ్?"

మహీధర్ మొహం ఎర్రబడింది.

"నా వైఫ్ మేడం! ఇంకెవరి వైఫ్ ఉంటుంది? ఈ అమ్మాయి కావాలనే అలా చెప్పి నా పరువు తీస్తోంది!"

"ఆయన అన్న మాటే చెప్పాను మేడం," అంది ధాత్రి. "'మా' అన్నారు. 'మా' అంటే అవర్."

"మా భాషలో అలాగే అంటాం మేడం! 'మా' అంటే 'నా' అని అర్థం. ఒక్కడే అయినా 'మా' అనే అంటాం. నా ఇల్లు అనం, మా ఇల్లు అంటాం. నా భార్య అనం, మా ఆవిడ అంటాం. తెలుగువాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు, ఇది పసిపిల్లలకి కూడా తెలుసు!"

"అలాగా! మిస్ ధాత్రి, మిగతాది కూడా చెప్పండి."

"'లుకింగ్ ఎట్ హర్ ఫేస్ ఎట్‌లీస్ట్, టేక్ బ్యాక్ యువర్ అప్లికేషన్. ఇఫ్ యూ ఫైట్ విత్ అస్, ద లాస్ ఈజ్ యువర్స్.'"

"ఫైట్ విత్ అస్. ఈ 'అస్' ఎవరు సర్?"

"అదీ అంతే మేడం," విసుక్కున్నాడు మహీధర్. "మాతో అంటే నాతో. నేనొక్కణ్ణే."

అనేశాడు. అన్నాక వినిపించింది వాడికి, తన నోట్లోంచి ఏం ఊడిపడిందో. నాలుక కరుచుకున్నాడు.

మిసెస్ ఫ్లెమింగ్ తొందరపడలేదు. రిపోర్టు మొదటి పేజీ తిప్పింది.

"అంటే మీ భాషలో మనిషి ఒక్కరే ఉన్నా, చేసింది ఒక్కరే అయినా, 'మేము' అంటారు. పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు మాత్రం ఇప్పుడే తెలిసింది, థాంక్యూ. కాసేపటి క్రితం ఇదే మాటకి టీమ్ అని అర్థం చెప్పారు మీరు."

"మేడం, రిపోర్టు రాసింది ఇంగ్లీషులో కదా! ఇంగ్లీషులో వుయ్ అంటే..."

"నిజమే. అందుకే ఇప్పుడు ఇంగ్లీషులోనే అడుగుతాను. మిస్ ధాత్రి, ఆ గాదె ఎక్కింది ఎవరు? ఒక్క మాటలో చెప్పండి."

ధాత్రి తలెత్తింది. తెరలో మహీధర్ వైపు చూడలేదు, మిసెస్ ఫ్లెమింగ్ కళ్ళల్లోకి చూసింది. ఊపిరి గుండెల నిండా తీసుకోవడం వెనకనుంచి నాకు కనిపించింది.

"ఐ," అంది.

అబ్బ! చిన్న మాటండీ. నోరు తెరిచి మూసేలోపల అయిపోతుంది. ఆ పిల్లకి దానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గేం లేదు చెప్పుకోవడానికి.

"ఐ క్లైంబ్డ్ ద బిన్," అంది మళ్ళీ, ఈసారి గట్టిగా. ఇక ఆగలేదు. ఆనకట్ట గేటు ఎత్తినట్టే వచ్చాయి మాటలు. నిచ్చెన ఇనుము చేతి తొడుగుల్లోంచి కూడా కాల్చేస్తుంటే నేను ఎక్కాను. పైన మూత గడ్డకట్టుకుపోయి ఉంటే నేను మోచేత్తో కొట్టి తెరిచాను. గుండు కట్టిన కొలత టేపు లోపలికి వదిలింది నేను. పుస్తకాల్లో నిండుగా ఉందన్న గాదె సగం ఖాళీ అని కనిపెట్టింది నేను. కిందికి దిగి ఆ కంపెనీ మేనేజర్ని నిలదీసింది నేను. 'ఈసారికి సర్దుకుపో' అంటే కుదరదని చెప్పింది నేను. వాళ్ళ పుస్తకాల్లో సరుకు తరుగు చూపించాకే ఆడిట్ పూర్తి చేసింది కూడా నేనే.

ఒక్కో 'ఐ'కీ ఆ పిల్ల వెన్ను నిటారవుతోంది. నర్సరావుపేటలో ఆ మాస్టారు ఈ మాటలు వింటే ఏమనేవాడో నాకు తెలియదు. నా మటుకు నాకు, నా కడుపున పుట్టకపోయినా నా బిడ్డే గాదె మీద నిలబడి ఊరంతా వినేలా అరుస్తున్నట్టుంది.

"ఆ సమయంలో మహీధర్ గారు ఎక్కడున్నారు?" అడిగింది ఆవిడ.

ధాత్రి ఒక్క క్షణం తటపటాయించింది. ఎంతైనా ఒకప్పుడు సార్ అని పిలిచిన మనిషి.

"కార్లో ఉన్నారు మేడం. హీటర్ వేసుకుని."

"నిజమేనా సర్?"

మహీధర్ మెడ దగ్గర బొత్తాం సవరించుకున్నాడు.

"వెహికల్లోంచి వుయ్ వర్ సూపర్‌వైజింగ్ మేడం."

మిసెస్ ఫ్లెమింగ్ కళ్ళజోడు మీదుగా చూసింది.

"వుయ్ అంటే ఎవరు సర్?"

ఇక నా వల్ల కాలేదు. నవ్వు తన్నుకొచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోబోయి చీపురు తోసేశాను. అది వెళ్ళి గట్టు మీది స్టీలు పళ్ళెం మీద పడి ఖంగుమంది. ధాత్రి అదిరిపడి వెనక్కి తిరిగింది. తెరలోంచి ఆవిడ కూడా తొంగిచూసింది.

"ఎవరు అక్కడ?"

"సారీ మేడం," అంది ధాత్రి. "అవర్ ఆంటీ." వెంటనే నాలుక కరుచుకుంది. "ఐ మీన్, మై ఆంటీ... కాదు మేడం. ఈవిడ నిజంగానే అవర్. కింద ఇంకా పిల్లలున్నారు, వాళ్ళందరికీ ఆంటీయే."

అప్పుడు నవ్విందండీ మిసెస్ ఫ్లెమింగ్. ఎంత చక్కని నవ్వో! అంత నవ్వు పెట్టుకుని ఇంతసేపూ ఎక్కడ దాచిందో!

"కొన్నిసార్లు 'వుయ్' అంటే వుయ్యే అన్నమాట," అంది. తర్వాత మూతి మళ్ళీ బిగించింది. "మహీధర్ గారూ, మీ అబ్జెక్షన్ కొట్టేస్తున్నాను. ఒక అభ్యర్థిని అప్లికేషన్ వెనక్కి తీసుకోమని నా ముందే బెదిరించిన సంగతి రికార్డులో ఉంటుంది. మిస్ ధాత్రి, ఇవాళ సాయంత్రంలోపు మీ లైసెన్స్ మీకు అందుతుంది. ఇకనుంచి మీరు పెట్టే సంతకానికి మీరొక్కరే జవాబుదారీ. అక్కడ 'వుయ్' ఉండదు, గుర్తుంటుంది కదూ?"

"ఐ విల్ రిమెంబర్," అంది ధాత్రి.

మహీధర్ తెర ముందే నల్లబడిపోయింది. బై కూడా చెప్పలేదు, మర్యాదస్థుడు.

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. వికాస్ నిద్ర సంగతి మరిచిపోయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. వాడి వెనకాల మిగతావాళ్ళు. 'అక్కా, మన ట్యాక్స్ ఇక నువ్వే చూడాలె' అని ఒకడు, 'మనకి డిస్కౌంట్ అక్కా' అని ఇంకొకడు. పొయ్యి మీద సేమ్యా పాయసం పడేశాను. జీడిపప్పు వెతుక్కునే ఓపిక లేక వేరుశనగపప్పే వేయించి కలిపాను. ధాత్రి మాత్రం ఆ కోటూ పైజామాతోనే కుర్చీలో కూర్చుని, ఫోన్లో మెయిల్ మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంటోంది.

నేను మధ్యాహ్నం ట్రిప్పుకి బయల్దేరి తాళాలు తీసుకుంటుండగా వచ్చింది. అంటారియో లైసెన్స్. దాని మీద ఒక్కటే పేరు, ధాత్రి పేరు. ఫోన్ నా చేతిలో పెట్టి నా భుజం మీద తల ఆనించి బావురుమంది.

"ఏడుస్తవేంది పిచ్చిదానా! ఏడ్వాల్సినోడు రెజైనాల ఉన్నడు."

రామమోహనరావు గారికి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టమన్నాను, నాకూ వినాలనుంటుంది కదా.

"సార్, మాకు లైసెన్స్..." ఆగింది. "సార్, నాకు లైసెన్స్ వచ్చింది."

అవతల పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"సంతోషం ధాత్రి గారూ," అన్నారు. అంతవరకూ 'అమ్మా', 'ఏమ్మా' అని పిలిచే మనిషి, గారూ అన్నారు. "రేపు పొద్దున వచ్చి తాళాలు తీసుకోండి. బోర్డు మీద మీ పేరు రాయించమని చెప్పేశాను. ఇప్పుడు కాదులెండి, పోయిన వారమే చెప్పాను."

ఆ మాటకి నేను కూడా ఏడ్చాను. ఒప్పుకుంటాను.

ఇక్కడితో ఆపేస్తే ఈ వారమంతా మీరు హాయిగా నిద్రపోతారు. నాకూ అదే ఇష్టం. కానీ అలా జరగలేదు మరి.

నేను చెప్పులు వేసుకుంటుంటే ధాత్రి ఫోన్ మళ్ళీ మోగింది. తెర మీద రెజైనా నంబరు చూసి మొహం పాలిపోయింది.

"మహీధర్ సారు ఇంటి నంబరు ఆంటీ."

"ఎత్తు. స్పీకర్ల పెట్టు. వాడి సంగతి నేను చూస్త."

తిట్టడానికి గొంతు సిద్ధం చేసుకున్నాను. అవతల వినిపించింది మహీధర్ కాదు, ఆడగొంతు. మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"ధాత్రీ, నేనమ్మా, అన్నపూర్ణని."

మహీధర్ భార్య. పొద్దున మీటింగ్‌లో నలిగిన ఆ 'మా ఆవిడ'.

"అక్కా! మీరా? బాగున్నారా?"

"మీ మీటింగ్ అంతా విన్నాను. మా వంటింట్లో తలుపు వెనకాల నిలబడి..." ఆవిడ ఆగింది. "కాదులే. నా వంటింట్లో. నువ్వు 'ఐ' అన్నావు చూడు, నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ ధైర్యంతోనే చేస్తున్నాను ఈ ఫోను."

అక్కడ కూడా ఒక ఆడది తలుపు వెనక నిలబడిందన్నమాట. ఇక్కడ నేను, అక్కడ ఆవిడ. నా తిట్లన్నీ గొంతులోనే కరిగిపోయాయి.

"చెప్పండక్కా, ఏమైంది?"

"రామమోహనరావు గారి ఆఫీసు కొనడానికి ఈయన రాసుకున్న కాగితాలు ఇవాళ టేబుల్ మీద వదిలేసి వెళ్ళారు. ఈయన పేరు పక్కన నా పేరు కూడా ఉంది ధాత్రీ. ఈ ఇల్లు హామీ పెట్టి అప్పు. కింద సంతకం చూశాను." కాగితం చప్పుడైంది. "పేరు నాదే. పెట్టింది నేను కాదు."

ధాత్రి నా వైపు చూసింది. బస్సు ట్రిప్పుకి టైమైపోతోంది, నేను కదల్లేదు.

"రేపు పొద్దుటి ఫ్లైట్‌కి బ్రాంప్టన్ వస్తున్నాను. నా లెక్కలు చూడ్డానికి నాకు లైసెన్స్ ఉన్న మనిషి కావాలి. చూస్తావా?"

"చూస్తానక్కా," అంది ధాత్రి. "మీరు ఒక్కరే వస్తున్నారా, మీరిద్దరూనా?"

అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. దూరంగా మగగొంతు, 'ఎవరితో మాట్లాడుతున్నావ్?' అంటూ దగ్గరికొస్తోంది. అన్నపూర్ణ గొంతు తగ్గించలేదు.

"నేను," అంది. "నేనొక్కదాన్నే."